ఎన్‌బీఏలో ఆడని జిమ్మీ అలపాగ్‌ను ఫిలిప్పీన్స్‌లో అంతగా ఎందుకు తలచుకుంటారు?

మీ ప్రశ్న ఇది: మీరు దావావోలో వైద్యవిద్య చదువుతున్నారు. హాస్టల్ పక్క కోర్టులో సాయంత్రాలు బాస్కెట్‌బాల్ ఆడే స్థానిక కుర్రాళ్ళను మీ దేశంలో గొప్ప పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) ఎవరని అడిగితే చాలామంది జిమ్మీ అలపాగ్ పేరు చెప్పారు. వెతికి చూస్తే పుట్టింది కాలిఫోర్నియాలో, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా లేదు, సగటు పాయింట్లు కూడా కళ్ళు తిరిగేటంత లేవు. ‘అక్కడ చెల్లక ఇక్కడికి వచ్చిన ఆటగాడిని ఇంతలా నెత్తిన పెట్టుకోవడం ఏమిటి?’ అని అడిగారు.

నేను 2006 నుంచి 2015 వరకు మనీలాలో ఒక కంపెనీ పద్దుల విభాగంలో పనిచేశాను. అంతకు ముందు మన దగ్గర విశ్వవిద్యాలయ స్థాయిలో గార్డ్‌గా ఆడాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు కాబట్టి పొట్టి గార్డుల మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. అది ముందే చెప్పేస్తే మంచిది. ఇప్పుడు విజయవాడలో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. మనీలాలో ఉన్న తొమ్మిదేళ్ళూ అలపాగ్ ఆట చూశాను, కొన్నిసార్లు అరనేటా కొలీజియంలో, ఎక్కువగా టీవీలో. ఆ కొలీజియం 1975లో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల పోరు జరిగిన చోటు. పైవరుస టికెట్ కొంటే ఆటగాళ్ళు చీమల్లా కనిపిస్తారు. అలపాగ్ అయితే చీమల్లో చీమ.

‘చెల్లక వచ్చాడు’ అన్నది సగం నిజమే, దాచాల్సిన పనిలేదు. అతను 1977 డిసెంబరు 30న శాన్ బెర్నార్డినోలో పుట్టాడు. అక్కడి కాల్ స్టేట్ శాన్ బెర్నార్డినో తరఫున కాలేజీ ఆట ఆడాడు. అది అమెరికా కాలేజీ ఆటల్లో రెండో శ్రేణి. రెండో శ్రేణి కాలేజీ నుంచి వచ్చే 5 అడుగుల 9 అంగుళాల గార్డుకు ఎన్‌బీఏ తలుపు తెరుచుకోవడం దాదాపు జరగని పని. అలాంటివాళ్ళలో ఎక్కువమంది యూరప్‌లో ఏదో చిన్న లీగ్ వెతుక్కుంటారు, లేదంటే ఉద్యోగంలో చేరిపోతారు. ఫిలిప్పీన్స్ మూలాలున్న కుర్రాడికి మాత్రం ఇంకొక దారి ఉంది. అది 1975లో మొదలైన పీబీఏ, ఆసియాలో మొట్టమొదటి వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్.

ఆ లీగ్ నడిచే తీరు తెలియకపోతే అతని కెరీర్ అర్థం కాదు. పీబీఏలో ఏడాదికి మామూలుగా మూడు టోర్నీలు. వాటిలో ఫిలిప్పైన్ కప్ అన్నిటికంటే గౌరవమైనది. అందులో విదేశీ ఆటగాళ్ళు ఉండరు. మిగతా రెండిటిలో జట్టుకు ఒక విదేశీయుణ్ణి తెచ్చుకోవచ్చు. ఆ విదేశీయుడు రెండు నెలల చుట్టం. స్థానిక ఆటగాడిదే ఏడాది పొడవునా కొలువు. అమెరికాలో పుట్టినా తల్లి లేదా తండ్రి ఫిలిప్పీన్స్ పౌరులని కాగితాలతో రుజువు చేసుకుంటే స్థానికుడి కిందే లెక్క. అందువల్ల కాలిఫోర్నియా కుర్రాడికి అక్కడ దొరికేది రెండు నెలల కాంట్రాక్టు కాదు, పదేళ్ళ జీవితం.

జట్లకు ఊళ్ళ పేర్లు ఉండవు, యజమాని కంపెనీల పేర్లు, సరుకుల పేర్లు ఉంటాయి. అప్పట్లో పాల డబ్బా పేరుతో ఒక జట్టు, రంగుల డబ్బా పేరుతో ఒకటి, జిన్ సీసా పేరుతో ఇంకొకటి. కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి ‘ఈ రాత్రి జిన్ మీద పాలు గెలిచాయి’ అని నేనే ఆఫీసులో మామూలుగా చెబుతున్నాను. అలపాగ్ జట్టు టాక్ ఎన్ టెక్స్ట్, ప్రీపెయిడ్ ఫోను కార్డుల బ్రాండు. తర్వాత చేరిన మెరాల్కో అయితే మనీలాకు కరెంటు ఇచ్చే సంస్థ.

అతను వచ్చిన కాలం మంచిది కాదు. 2000 చుట్టుపక్కల అమెరికా నుంచి వచ్చిన కొందరు ఆటగాళ్ళ పూర్వీకుల కాగితాలు దొంగవని తేలింది. విషయం సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. పత్రికలు వాళ్ళకు ‘ఫిల్-షామ్’ అని పేరు పెట్టాయి, నకిలీ ఫిలిపినోలు అన్న అర్థంలో. టాక్ ఎన్ టెక్స్ట్‌లో అలపాగ్ సహచరుడు ఆసి టౌలవా ఏళ్ళ తరబడి పౌరసత్వ వివాదంలో నలిగాడు. ఆ గాలిలో అమెరికన్ యాసతో ఇంగ్లీషు మాట్లాడే ప్రతి కొత్త ఆటగాడినీ జనం అనుమానంగానే చూసేవారు. దానికి తోడు కడుపు మంట. మనీలా వీధుల్లో రబ్బరు చెప్పులతో ఆడుతూ పెరిగిన కుర్రాడి చోటును విమానం దిగినవాడు ఎగరేసుకుపోతున్నాడన్న బాధ. అది తప్పని నేను అనను. మన ఊరి జట్టులోకి పక్క జిల్లా నుంచి ఒకడిని తెస్తేనే ఎంత రభస జరుగుతుందో మనకు తెలియనిదా?

జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2003 డ్రాఫ్ట్‌లో అలపాగ్ పేరు పదోది. మొదటి పేరు మైక్ కోర్టెజ్, అతనూ అమెరికా నుంచి వచ్చినవాడే, అప్పటికే మనీలా కాలేజీ ఆటలో హీరో. తనకంటే ముందు తొమ్మిది మందిని ఎంచుకున్న ఆ ఏడాదే అలపాగ్ ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి తీసుకున్నాడు. టాక్ ఎన్ టెక్స్ట్ అదే ఏడాది ఆల్ ఫిలిపినో కప్ గెలిచింది, విదేశీయులు లేని కప్పుకు అప్పటి పేరు అది. అది ఆ జట్టుకు మొదటి టైటిల్. అతను ఉన్నన్నాళ్ళలో మొత్తం ఆరు టైటిళ్ళు వచ్చాయి. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ విదేశీయులు లేని కప్పులే. నేను దీనికి చాలా విలువ ఇస్తాను. గట్టి విదేశీయుడు దొరికితే ఏ జట్టయినా నెట్టుకొస్తుంది. సొంత మనుషులతో గెలవాలంటే బంతి ఎవరి చేతిలో ఉందన్నదే తేల్చేస్తుంది.

ఇక అతని ఆట. మీరు చూసిన సగటుల్లో ఇది కనబడదు.

పొట్టి గార్డుకు రింగు దగ్గర చోటుండదు. లోపలికి వెళితే తలకు పైన రెండు చేతులు లేస్తాయి. కాబట్టి ఆటను బయటికి లాగాలి. త్రీ పాయింట్ గీత అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు, చాలామంది ఆ గీతకు బొటనవేలు ఆనించి నిలబడి షాట్ వేస్తారు. అలపాగ్ గీతకు ఒక అడుగు వెనకే ఆగేవాడు. బంతి తెస్తుంటే రనిడెల్ డి ఒకాంపో లాంటి పొడుగాటి సహచరుడు వచ్చి స్క్రీన్ పెట్టేవాడు, అంటే కాపలాదారు దారికి అడ్డంగా నిలబడేవాడు. కాపలా ఉన్నవాడు ఆ స్క్రీన్‌కు వెనక నుంచి చుట్టి వచ్చాడా, అయిపోయినట్టే. ఆ అర క్షణంలో అలపాగ్ ఆగిపోయేవాడు, బంతి చేతిని వదిలిపోయేది. కాపలాదారు స్క్రీన్‌కు ముందు నుంచే అంటుకుని వస్తే, వాడిని వీపు మీద మోస్తున్నట్టు లోపలికి రెండు అడుగులు వేసి, పొడుగాటి సెంటర్ ఎదురొచ్చే లోపే బంతిని మెత్తగా పైకి వదిలేవాడు, లేదా డి ఒకాంపోకు వెనక్కి ఇచ్చేవాడు. డి ఒకాంపోకూ దూరం నుంచి గురి ఉంది. అలా రెండు వైపులా వల.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చూపించేది ఇందులో ఒక్క ముక్కే: ఆగడం. పరుగెత్తడం అందరికీ వస్తుంది. పూర్తి వేగంలో ఉండగా రెండు పాదాలూ ఒకేసారి నేలకు దింపి, మోకాళ్ళు అప్పటికే వంచి ఉంచి, మళ్ళీ వంచాల్సిన అవసరం లేకుండా పైకి లేవడం. పొడవైనవాడు చెయ్యి ఎత్తడానికి పట్టే సమయం కంటే ఇది తక్కువలో అయిపోవాలి. అలపాగ్‌ది ఎప్పుడూ అయిపోయేది. పైవరుస నుంచి చూసినా ఆ ఆగడం కనిపించేది. చుట్టూ తొమ్మిది మంది కదులుతుంటే ఒక్కడు మేకు దిగినట్టు నిలిచిపోయేవాడు.

2010-11 అతని శిఖరం. ఆ సీజన్‌కు లీగ్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, అతనే. కోచ్ చాట్ రెయెస్ కింద టాక్ ఎన్ టెక్స్ట్ మొదటి రెండు కప్పులూ గెలిచింది. మూడోదీ గెలిస్తే గ్రాండ్ స్లామ్, పీబీఏ చరిత్రలో చాలా కొద్ది జట్లకే దక్కింది. ఫైనల్లో పెట్రాన్ జట్టు చేతిలో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళి ఓడిపోయారు. ఆ మర్నాడు మా ఆఫీసులో ఇద్దరు సెలవు పెట్టారు. జ్వరం అన్నారు, మేమూ నమ్మినట్టే నటించాం.

ఇదంతా చెప్పినా మీ దావావో కుర్రాళ్ళ అభిమానం నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం కొరియా.

పద్దుల భాషలో చెబితే ఫిలిప్పీన్స్ పుస్తకంలో దక్షిణ కొరియా పేరున ఎప్పటికీ తీరని బాకీ ఒకటి ఉండేది. 2002 బుసాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్. ఫిలిప్పీన్స్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది, క్షణాలు మిగిలి ఉన్నాయి. ఒల్సెన్ రసేలా రెండు ఫ్రీ త్రోలూ పోగొట్టాడు. అటునుంచి లీ సాంగ్ మిన్ గంట మోగే వేళకు త్రీ పాయింటర్ వేశాడు. 69-68. నేను మనీలా చేరేసరికి ఆ మ్యాచ్ జరిగి నాలుగేళ్ళు. అప్పటికీ టాక్సీ డ్రైవర్లు ఆ షాట్‌ను ఇంట్లో జరిగిన చావులా చెప్పేవారు. 2011లో చైనాలోని వుహాన్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్, మూడో స్థానం కోసం మళ్ళీ కొరియా, మళ్ళీ రెండు పాయింట్ల తేడాతో ఓటమి. ఆ జట్టులో అలపాగ్ ఉన్నాడు. అంటే ఆ బాకీలో అతనికీ వాటా పడింది.

2013 ఆగస్టులో ఆసియా ఛాంపియన్‌షిప్ మనీలాకే వచ్చింది. మొదటి మూడు జట్లకు స్పెయిన్‌లో జరిగే వరల్డ్ కప్‌లో చోటు. ఫిలిప్పీన్స్ వరల్డ్ కప్ ఆడి అప్పటికి 35 ఏళ్ళు. 10వ తేదీ సెమీఫైనల్లో ఎదురుపడింది ఎవరో చెప్పాలా?

మాల్ ఆఫ్ ఏషియా అరీనాలో టికెట్ దొరికే మాటే లేదు. నేను మండలుయోంగ్‌లో మా గది కింద ఉన్న చిల్లర కొట్టు ముందు చూశాను. వాన పడుతోంది. కొట్టు ఆవిడ టీవీని తలుపు దాకా లాగి రెండు బియ్యం బస్తాల మీద పెట్టింది. రేకు కింద ముప్పై మంది దాకా ఉన్నాం, వెనక వరుసలో ఉన్నవాళ్ళ వీపులు తడుస్తున్నాయి. రెండో క్వార్టర్‌లో మార్కస్ డౌథిట్ కాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. అతను ఆ జట్టుకున్న ఒకే ఒక్క భారీ సెంటర్, పౌరసత్వం ఇచ్చి తెచ్చుకున్న అమెరికన్. ఇక తిరిగి రాలేదు. నా పక్కనున్న ముసలాయన లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. బుసాన్‌నాడు చివరిదాకా చూశానని, మళ్ళీ అది తన వల్ల కాదని అన్నాడు.

మిగిలినవాళ్ళు జేసన్ కాస్ట్రో, మార్క్ పింగ్రిస్, డి ఒకాంపోలు ఆధిక్యం తెచ్చారు. చివరి క్వార్టర్‌లో కిమ్ మిన్ గూ అనే కొరియా కుర్రాడు దూరం నుంచి ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ వచ్చాడు, ఆధిక్యం కరిగిపోయింది. కొట్టు ముందు ఎవరూ మాట్లాడడం లేదు. టీవీలో అరుపులకంటే రేకు మీద వాన చప్పుడే పెద్దగా వినిపిస్తోంది. అప్పుడు అలపాగ్ బంతి తీసుకున్నాడు. గీతకు ఒక అడుగు వెనక ఆగాడు, నేను పైన చెప్పానే, అదే ఆగడం. పడింది. ఆఖరి నిమిషాల్లో అతని త్రీ పాయింటర్లే మ్యాచ్‌ను ఇటు తిప్పాయి. 86-79. ఎవరో నన్ను ఎత్తుకున్నారు. కొట్టు ఆవిడ ఏడుస్తూ, ఎవరూ అడగకుండానే అందరికీ సోడాలు తీసి పంచింది. కాసేపటికి ఆ ముసలాయన వానలో గొడుగు లేకుండా తిరిగొచ్చి ‘నిజమేనా?’ అని అడిగాడు. పక్క వీధి అరుపులు విని వచ్చానన్నాడు.

ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడిపోయారు. ఎవరికీ పట్టలేదు.

ఆ రాత్రి నుంచి అలపాగ్‌ను అమెరికావాడని ఎవరైనా అనగా నేను వినలేదు. అతని టగలాగ్ మెరుగుపడిందో లేదో నాకు తెలియదు గాని, దాన్ని లెక్కించడం మాత్రం జనం మానేశారు.

మరుసటి ఏడాది సెవిల్‌లో వరల్డ్ కప్. జట్టు కెప్టెన్ అలపాగ్, వయసు 36. క్రొయేషియాతో అదనపు సమయం దాకా వెళ్ళి మూడు పాయింట్లతో ఓటమి. లూయిస్ స్కోలా, నోసియోనీ ఉన్న అర్జెంటీనాను చివరిదాకా వణికించి 85-81తో ఓటమి. ఆ మ్యాచ్‌లో అలపాగ్ దూరం నుంచి వేసిన షాట్లు అర్జెంటీనాకు చెమటలు పట్టించాయి. ఆఖరికి సెనెగల్ మీద అదనపు సమయంలో 81-79తో గెలుపు, 1974 తర్వాత ఫిలిప్పీన్స్‌కు వరల్డ్ కప్‌లో మొదటి గెలుపు. ఐదు మ్యాచ్‌లలో ఒక్క గెలుపుకు ఇంత సంబరమా అని మీకు అనిపించవచ్చు. 1954లో ఇదే పోటీలో కంచు పతకం గెలిచిన దేశం అది. పెద్దల నోట ఆ కథ వింటూ పెరిగి, తమ కళ్ళతో ఒక్క గెలుపూ చూడని తరాలు ఉన్నాయి.

ఇక ఎన్‌బీఏ సంగతి. అదే కొలబద్ద అయితే రేమండ్ టౌన్‌సెండ్ ఉన్నాడు. ఫిలిపినో తల్లి కొడుకు, 1978లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఎంచుకుంది, ఎన్‌బీఏలో ఆడిన మొదటి ఫిలిపినో అమెరికన్. మీ కుర్రాళ్ళను అతని గురించి అడిగి చూడండి, తెలిసినవాడు ఒకడుంటే గొప్ప. జోర్డన్ క్లార్క్‌సన్‌ను అందరూ ఎరుగుదురు, ప్రేమిస్తారు కూడా. కానీ 16 ఏళ్ళు నిండాక పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళ విషయంలో అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన నియమం వల్ల జాతీయ జట్టులో అతను ‘పౌరసత్వం పుచ్చుకున్న’ ఒకే ఒక్క ఆటగాడి చోటులో ఆడాల్సి వచ్చింది. అతను వస్తే అలాంటి ఇంకొకడు బయట కూర్చోవాలి. అలపాగ్ స్థానికుల చోటులోనే ఆడాడు, ఏడాదంతా వాళ్ళ ఊళ్ళోనే కనిపించాడు. పిల్లలకు ఆ తేడా చెప్పకుండానే తెలుస్తుంది.

రిటైర్మెంటు కథ కాస్త నవ్వు తెప్పిస్తుంది. 2015 మొదట్లో వీడ్కోలు చెప్పి టాక్ ఎన్ టెక్స్ట్ మేనేజర్ అయ్యాడు. కొన్ని నెలలకే మనసు ఆగక అదే యజమాని చేతిలో ఉన్న మెరాల్కో జట్టులో మళ్ళీ జెర్సీ తొడిగాడు. ఆ తిరిగి రావడం వల్లే రికార్డు దక్కింది. అలన్ కైడిక్ పేరున ఉన్న 1,242 త్రీ పాయింటర్లను 2016లో దాటి 1,250 దగ్గర ఆగాడు. ఆ సంఖ్యను 2024 సెప్టెంబరులో మార్సియో లాసిటర్ దాటాడు. అతనూ అమెరికాలో పుట్టి పెరిగి వచ్చినవాడే. మెరాల్కోను మొదటిసారి ఫైనల్‌కు చేర్చిన జట్టులోనూ అలపాగ్ ఉన్నాడు. 2016 అక్టోబరులో ఆ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో జిన్ సీసా జట్టు గినెబ్రా విదేశీయుడు జస్టిన్ బ్రౌన్‌లీ చివరి క్షణంలో త్రీ పాయింటర్ వేసి కప్పు పట్టుకుపోయాడు. ఏడాదిన్నర తిరిగేసరికి అలపాగ్ ఆగ్నేయాసియా లీగ్‌లో అలాబ్ పిలిపినాస్‌కు కోచ్, అతని జట్టు విదేశీయుల్లో ఒకడు ఈ బ్రౌన్‌లీయే, 2018లో టైటిల్ వాళ్ళదే. తన కప్పు లాక్కున్నవాడినే తెచ్చుకుని కప్పు గెలవడం నాకైతే భలే నచ్చింది.

తర్వాత కుటుంబంతో అమెరికా వెళ్ళిపోయాడు. శాక్రమెంటో కింగ్స్ అనుబంధ జట్టు స్టాక్‌టన్ కింగ్స్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరి, 2023లో కింగ్స్ శిక్షణ బృందంలోకి వచ్చాడు. కాబట్టి ‘ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ లేదు’ అన్న మీ వాక్యాన్ని కొంచెం సవరించుకోవాలి. ఆడింది లేదు, ఆడేవాళ్ళకు నేర్పాడు.

మీ వసతిలో ఇంటర్నెట్ బాగుంటే 2013 ఆగస్టు 10 మ్యాచ్ చివరి ఐదు నిమిషాలు చూడండి. బంతిని చూడకండి, కెమెరా ఎలాగూ దాని వెంటే ఉంటుంది. అలపాగ్ పాదాలు చూడండి. కుదిరితే ఆ కోర్టు కుర్రాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎప్పుడు ఏం జరుగుతుందో వాళ్ళు ముందే చెప్పేస్తారు, అయినా షాట్ పడినప్పుడు లేచి నిలబడతారు.